భవాని వేదిక మీదున్న రెండు గంటలు

కరోనా తర్వాత బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ మొదటి వారంలో, గుడివాడ అవతలి ఒక బాలికల గురుకుల పాఠశాలకు నన్ను ప్రిన్సిపల్‌గా బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసు ఇంకా మూడేళ్ళుంది. అంతకుముందు చాలాకాలం జీవశాస్త్రం టీచరుగా, కొన్నాళ్ళు వైస్ ప్రిన్సిపల్‌గా పనిచేశాను. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగినదానికి బాధ్యురాలిని నేను, పేరు రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

గురుకులమంటే బడీ హాస్టలూ ఒకే ఆవరణలో ఉంటాయి. అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు అక్కడే చదివి, అక్కడే తిని, అక్కడే పడుకుంటారు. ప్రిన్సిపల్ కింద డిప్యూటీ వార్డెన్ ఉంటారు. ఆ పదవిలో ఉన్న రత్నకుమారి గారు లెక్కల టీచరు కూడా. ఒక్కో టీచరుకు కొంతమంది పిల్లల్ని అప్పగించి ఆమెను హౌస్ టీచర్ అంటారు. తల్లి చూసుకోవలసినవన్నీ, తలలో పేలతో సహా, ఆమె చూసుకోవాలి.

పొద్దున అయిదింటికి గంట. కుళాయిల దగ్గర బకెట్ల వరస. ఆ తర్వాత మెట్ల మీద జడల కార్యక్రమం. ఒక పిల్ల కింది మెట్టు మీద కూర్చుంటే పై మెట్టు మీద కూర్చున్న పిల్ల జడ వేస్తుంది. ఎవరి జడ ఎవరు వేస్తారన్నది చూస్తే ఎవరికి ఎవరితో స్నేహమో, ఎవరెవరు పోట్లాడుకున్నారో తెలిసిపోయేది. రోజుకు నాలుగుసార్లు హాజరు తీసేవాళ్ళం. ఆదివారం ఆఫీసు ఫోన్ల నుంచి ఇంటికి మాట్లాడుకోవచ్చు, మనిషికి అయిదు నిమిషాలు. రెండో ఆదివారం తల్లిదండ్రులు వచ్చేవారు. ముదినేపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళు చేపల పులుసు క్యారేజీల్లో తెచ్చేవారు. కృత్తివెన్ను తీరం నుంచి వచ్చేవాళ్ళు రొయ్యపొట్టు కారం సీసాల్లో తెచ్చేవారు. బయటి తిండి డార్మిటరీలో దాచుకోకూడదని నిబంధన. సీసాలు ట్రంకు పెట్టెల అడుగున, బట్టల కింద ఉండేవి. సోమవారానికి డార్మిటరీ అంతా ఆ వాసనే. రత్నకుమారి గారు పెట్టెలు తెరిపించేవారు కాదు, "ఎలకలొస్తాయర్రా" అని మాత్రం అని వెళ్ళిపోయేవారు.

ఒక్క నిబంధన విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినేదాన్ని కాదు. పిల్లను బయటికి పంపాలంటే ఔట్‌పాస్ రాయాలి. చేర్పించినప్పుడు తీసుకున్న కార్డు మీద ఎవరి ఫొటోలు ఉన్నాయో వాళ్ళకే పిల్లను అప్పగించాలి. సాధారణంగా తల్లి, తండ్రి, అంతే. నేను ఇంతకుముందు పనిచేసిన చోట బాబాయినని చెప్పి ఒకతను తొమ్మిదో తరగతి పిల్లను తీసుకెళ్తే, ఆ వారంలోనే ఆమెకు పెళ్ళి చేసేశారు. అప్పటి నుంచి గేటు విషయంలో గట్టిగా ఉండడం నాకు అలవాటైంది. అది మంచి అలవాటేనని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రతి నెలా మూడో శనివారం పిల్లలకు స్ఫూర్తి ప్రసంగం ఉండేది. ఒకసారి మహిళా ఎస్సై వచ్చింది, ఒకసారి బ్యాంకు అధికారి వచ్చారు. మచిలీపట్నంలో నర్సుగా పనిచేస్తున్న మా పూర్వ విద్యార్థిని వచ్చి, లెక్కల్లో తను రెండుసార్లు ఎలా తప్పిందో చెబితే పిల్లలు కదలకుండా విన్నారు. వీళ్ళు కాక, ఇదే వృత్తిగా బడులు తిరిగే వక్తలు ఉంటారు. హాల్లో సన్నని సంగీతం పెట్టి, కళ్ళు మూసుకోమని, అమ్మానాన్నల కష్టాన్ని తలుచుకోమంటారు. మొదటి పది నిమిషాల్లో ఎవరో ఒక చిన్నపిల్ల వెక్కుతుంది. ఆ తర్వాత హాలంతా ఏడుస్తుంది. పిల్లలు ఏడిస్తే కార్యక్రమం బాగా జరిగినట్టు లెక్క. మేమూ అలాగే అనుకునేవాళ్ళం. జిల్లా సమన్వయకర్తకు పంపే ఫొటోల్లో ఏడుస్తున్న పిల్లల ఫొటో తప్పకుండా ఉండేది.

ఆ ప్రసంగాలకు వ్యాఖ్యాత తొమ్మిదో తరగతి దుర్గాభవాని. అందరం భవాని అనేవాళ్ళం. కృత్తివెన్ను దాటి సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు వాళ్ళది. పిల్ల సన్నగా ఉన్నా గొంతు పెద్దది. మైకు పాడైన రోజున కూడా అసెంబ్లీలో వార్తలు చివరి వరసకు వినబడేలా చదివేది. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్తాడు. వేట అంటే వాళ్ళ మాటలో చేపల వేట. రెండో ఆదివారాల్లో ఆయనే వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అందరూ చాపలు పరుచుకుని కూర్చుంటే తను మాత్రం నిలబడి, కూతురు చెప్పేదంతా వినేవాడు. ఆయన మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. "చదువుతుందాండీ?" అని ఒకసారి అడిగాడు. బాగా చదువుతోందంటే తలూపి, "ఉంటానండి" అని వెళ్ళిపోయాడు.

దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చిన రెండో వారం. మూడో శనివారం. విజయవాడ నుంచి పేరున్న వక్త వస్తున్నాడు. ఆయన తేదీ కోసం మూడు నెలలు ఎదురుచూశాం. పదిన్నరకు కార్యక్రమం. పదీ పదిహేనుకు వాచ్‌మన్ వచ్చి, తొమ్మిదో తరగతి పిల్ల కోసం ఎవరో వచ్చారని చెప్పాడు. నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

నలభై ఏళ్ళ మనిషి, మోటార్ సైకిల్ పక్కన నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు.

"నేను భవాని మేనమామనండి. ఏడుకొండలు నా పేరు. మా బావ పోయాడండి. పిల్లని తీసుకెళ్దామని వచ్చాను," అన్నాడు.

ఎప్పుడు, ఎలా అని అడిగాను. బుధవారం తెల్లారి మొగ దగ్గర, అంటే కాలువ సముద్రంలో కలిసేచోట, పడవ తిరగబడిందట. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. బావ రాలేదు. "దొరుకుతాడేమోనని పిల్లకి చెప్పలేదండి. ఇవాళ పొద్దున్నే ఒడ్డుకొచ్చాడు. పోలీసోళ్ళు, డాక్టరు గారు వచ్చి అక్కడే అన్నీ చేస్తన్నారు," అన్నాడు.

అతని ఫొటో కార్డు మీద లేదు. ఆ మాటే చెప్పాను. తల్లితో మాట్లాడించమన్నాను. ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆ ఊరి సర్పంచి నంబరు సంపాదించి, ఆయన ద్వారా ఆమెతో మాట్లాడి, మా జిల్లా కార్యాలయానికి ఫోన్‌లో చెప్పి, అనుమతి నమోదు చేసేసరికి పదకొండు అయింది. ఈ నలభై అయిదు నిమిషాల గురించి నాకు పశ్చాత్తాపం లేదు. అది నా ఉద్యోగం. చెప్పవలసింది పదకొండు తర్వాతి సంగతి.

అప్పటికే వక్త రావడం, కార్యక్రమం మొదలవడం జరిగిపోయాయి. హాల్లోంచి భవాని గొంతు ఆఫీసు దాకా వినబడుతోంది. అతిథిని పరిచయం చేస్తోంది.

"ఇప్పుడే దింపేసి పంపుదామా?" అని రత్నకుమారి గారు అడిగారు.

నేను ఆలోచించాను. పిల్ల స్టేజీ మీద ఉంది. నాలుగు వందల మంది ముందు పిలిస్తే ఏదో జరిగిందని అక్కడే తెలిసిపోతుంది. కబురు ఖాళీ కడుపున చెప్పకూడదు, భోజనం చేశాక నెమ్మదిగా పంపుదాం, అన్నాను. అవి నేను పైకి చెప్పిన కారణాలు. మూడు నెలలు ఎదురుచూసిన కార్యక్రమం మధ్యలో ఆగిపోతుందన్నది నేను చెప్పని కారణం.

గేటు దగ్గరికి తిరిగి వెళ్ళి ఏడుకొండలుతో, ఒంటిగంటకు పంపుతామని చెప్పాను. "కొంచెం తొందరగా పంపితే బాగుంటదండి," అన్నాడు.

"భోజనం చేసి బయలుదేరుతుంది. మీరూ లోపలికి వచ్చి ఏమైనా తినండి," అన్నాను.

"వద్దండి. ఇక్కడే ఉంటాను."

నేను దాన్ని మొహమాటం అనుకున్నాను. శవం లేచేదాకా ఆ ఇంటి మనిషి ముద్ద ముట్టడన్న సంగతి నాకు తెలియనిదేమీ కాదు. ఆ నిమిషంలో తట్టలేదు. మాది ముదినేపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. మా వైపు ఎవరైనా పోతే, దూరం నుంచి రావలసినవాళ్ళ కోసం ఐసు పెట్టెలో ఒకరోజు, రెండు రోజులు ఉంచడం మామూలే. చివరిచూపు ఆగుతుందని నా లెక్క. మూడు రోజులు నీళ్ళలో ఉన్న మనిషి ఆగడని నాకు తెలియాలి. నేను చెప్పిన పాఠం జీవశాస్త్రం. "తొందరగా" అన్న మాటకు అర్థం అదేనని, ప్రిన్సిపల్‌తో అంతకంటే గట్టిగా మాట్లాడడం అతనికి చేతకాలేదని తర్వాత అర్థమైంది.

హాల్లోకి వెళ్ళి వేదిక మీద నా కుర్చీలో కూర్చున్నాను. వక్త చెడ్డవాడేమీ కాదు. ఆ మాట చెప్పాలి. మంచి తెలుగు మాట్లాడాడు, చదువు గురించి చెప్పిన ఉదాహరణలు పిల్లలకు అర్థమయ్యాయి. పన్నెండు దాటాక తల్లిదండ్రుల భాగం మొదలైంది. సంగీతం పెట్టారు. చిన్న తరగతుల్లో ఒకరిద్దరు ఏడుపు అందుకున్నారు. అప్పుడాయన పక్కనే మైకు పట్టుకుని ఉన్న భవానిని ముందుకు పిలిచాడు.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"వేటకెళ్తారండి. సముద్రం మీదకి."

"రేపు ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తావు కదా. నాన్నగారితో ఏం మాట్లాడతావు?"

"ఏమీ మాట్లాడనండి. మా నాన్న ఫోన్లో ఎక్కువ మాట్లాడడు. తిన్నావా అంటాడు. తిన్నానంటాను. ఉంటానంటాడు. నేనూ ఉంటానంటాను."

హాలంతా నవ్వింది. ఏడుస్తున్న పిల్లలు కూడా నవ్వారు. వక్త కూడా నవ్వి, "ఈసారి అలా కాదు. నాన్నా, నువ్వంటే నాకు చాలా ఇష్టం అని చెప్పాలి. చెప్తావా?" అన్నాడు.

"సిగ్గేస్తదండి."

"అయినా చెప్పాలి."

"సరేనండి. రేపు చెప్తాను," అంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. హాలు చివర నిలబడి ఉన్న రత్నకుమారి గారు తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. నేను వేదిక మీద ఉన్నాను కాబట్టి అందరూ నన్ను చూస్తున్నారు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

అప్పుడైనా లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోవలసింది. పోలేదు. వందన సమర్పణ కూడా భవానే చేసింది. అతిథితో కలిసి భోజనానికి కూర్చోబెట్టారు. ఆ రోజు గుత్తి వంకాయ కూర. రెండోసారి వడ్డించుకుంది. నేను ఎదురుగా కూర్చుని చూశాను.

ఒకటీ ముప్పై అయిదుకు ఔట్‌పాస్ మీద సంతకం చేశాను. మీ అమ్మకు ఒంట్లో బాగోలేదు, ఒకసారి వెళ్ళి రా అని చెప్పాను. మామే అలా చెప్పమన్నాడు. మిగతాది వాళ్ళమ్మ చెప్తుందన్నాడు. భవాని బట్టల సంచీతో గేటు దగ్గరికి వచ్చి బండి ఎక్కుతూ అడిగింది:

"నాన్న వేట నుంచి వచ్చాడా మావయ్యా?"

ఏడుకొండలు వెనక్కి తిరగలేదు. బండి స్టార్టు చేస్తూ, "వచ్చాడమ్మా," అన్నాడు.

ముదినేపల్లి, బంటుమిల్లి మీదుగా వాళ్ళ ఊరికి గంటన్నర పైనే పడుతుంది. వాళ్ళు చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి.

ఆ సంగతి నాకు సాయంత్రం సర్పంచి ఫోన్‌లో చెప్పాడు. పదకొండో రోజు పెద్దకర్మకు నేను, రత్నకుమారి గారు వెళ్ళాం. చేపల చెరువుల గట్ల మధ్య నుంచి రోడ్డు. చివర్లో ఇసుక. తాటాకు పందిరి కింద తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోతే రత్నకుమారి గారు ఆపి పక్కన కూర్చున్నారు. తల్లే మొదట మాట్లాడింది.

"ఆగుదామనే చూశామండి. పిల్ల వస్తదని. రెండున్నర దాకా చూశాం. పెద్దోళ్ళు ఇంక ఆగదమ్మా అన్నారు. ముసుగు కూడా తియ్యనివ్వలేదు నన్ను."

నన్ను తప్పుపట్టినట్టు ఒక్క మాట అనలేదు. ఎందుకు ఆలస్యమైందని కూడా అడగలేదు. బడిలో పద్ధతులుంటాయి కదా అని అంది. నాకు అదే ఎక్కువ కష్టమైంది. భవాని పందిరి అవతల పిన్ని కూతుళ్ళ మధ్య కూర్చుని ఉంది. మా దగ్గరికి రాలేదు. ఆ రోజు ఊరు చేరాక వాళ్ళు పిల్ల దగ్గర ఏమీ దాచలేదట. సందు మొదట్లోనే కాళ్ళు కడుక్కోమని నీళ్ళిస్తే, పిల్ల చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయిందని ఏడుకొండలు చెప్పాడు.

మరో వారానికి ఆమె బడికి తిరిగొచ్చింది. చదువు మాన్పిస్తారేమోనని భయపడ్డాను. మాన్పించలేదు. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, క్లాసుల మధ్య విరామంలో, నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడింది. రమ్మన్నాను.

"మేడమ్, ఆ రోజు మా మావయ్య ఎన్నింటికి వచ్చాడండి?"

"పదీ పదిహేనుకు."

"మీకు అప్పుడే తెలుసాండీ?"

"తెలుసు."

"నేను స్టేజీ మీద మాట్లాడినప్పుడు కూడా?"

"తెలుసు భవానీ."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బల్ల మీదున్న నా చేతులవైపు చూసింది.

"మరి నన్ను పిలవలేదేంటండీ?"

అన్నం తిన్నాక చెబుదామనుకున్నాం అన్నాను. నోట్లోంచి వచ్చిన ఆ మాట నాకే చాలలేదు. కార్యక్రమం మధ్యలో ఆపడం ఇష్టం లేకపోయింది, నాది తప్పు, అని చెప్పాను. పద్నాలుగేళ్ళ పిల్ల ముందు ప్రిన్సిపల్ తప్పు ఒప్పుకోవడం ఉద్యోగంలో ఎవరూ నేర్పరు. ఆమె విని, "క్లాసుకెళ్తానండి," అంది. వెళ్ళింది.

నాపైన ఫిర్యాదు రాలేదు. విచారణ జరగలేదు. సందర్శకుల రిజిస్టరులో మేనమామ సంతకం పక్కన పదీ పదిహేను అని ఉంది. ఔట్‌పాస్ పుస్తకంలో ఒకటీ ముప్పై అయిదు అని ఉంది. ఆ ఏడాది తనిఖీకి వచ్చిన అధికారులు రెండు పుస్తకాల్లోనూ సంతకాలు చేశారు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. నేను చూశాను. మూడు గంటల ఇరవై నిమిషాలు. నలభై అయిదు నిమిషాలు తీసేస్తే మిగిలిన రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలూ నావి. పదకొండుకు పంపి ఉంటే ఒంటిగంటకల్లా ఇంటి దగ్గర ఉండేది.

భవాని తిరిగొచ్చిన వారంలోనే, వక్త తన కార్యక్రమాల వీడియోల్లో భవాని మాట్లాడిన ముక్క పెట్టాడని మా టీచరు ఒకామె చూపించింది. కింద ఎంతోమంది మెచ్చుకుంటూ రాశారు. ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. నాకు ఎందుకు చెప్పలేదు మేడమ్, అని మాత్రం అడిగాడు. వెంటనే వీడియో తీసేశాడు. ఆ తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి తండ్రి గురించి అడగడం మానేశానని మరుసటి ఏడాది కనిపించినప్పుడు చెప్పాడు.

స్ఫూర్తి ప్రసంగాలు ఆపలేదు. ఆపడం సరికాదు. పెద్ద చదువులంటే ఏమిటో చెప్పేవాళ్ళు ఆ పిల్లల ఇళ్ళల్లో ఉండరు. సంగీతం, కళ్ళు మూయించడం మాత్రం ఉండకూడదని వచ్చేవాళ్ళకు ముందే చెప్పేదాన్ని. అలా చెబితే ఇద్దరు ముగ్గురు రాలేదు. చేర్పించేటప్పుడు కార్డు మీద తల్లిదండ్రులతో పాటు మరో ఇద్దరు బంధువుల ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టాం. ఇంట్లో చావు కబురు వస్తే పిల్ల ఎక్కడున్నా, పరీక్షలో ఉన్నా, స్టేజీ మీద ఉన్నా, అనుమతి రాగానే హౌస్ టీచరు వెళ్ళి తీసుకురావాలని స్టాఫ్ మీటింగులో తీర్మానం రాశాం. నేను రిటైరయ్యేలోపు అలాంటి కబుర్లు మరో రెండు వచ్చాయి. ఇద్దరు పిల్లలూ సమయానికి ఇంటికి చేరారు.

భవాని పదో తరగతి మా దగ్గరే పూర్తిచేసింది. మంచి మార్కులు వచ్చాయి. ఇప్పుడు మచిలీపట్నంలో డిప్లొమా చదువుతోందని రత్నకుమారి గారు చెప్పారు. మా బడిలో ఉన్న ఆ మిగిలిన కాలంలో ఆమె మళ్ళీ మైకు పట్టుకోలేదు. అసెంబ్లీలో వార్తలు చదవమంటే, వేరేవాళ్ళకివ్వండి మేడమ్ అనేది. నాతో ఎప్పుడూ మర్యాద తప్పలేదు. నమస్కారం పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. బడి వదిలి వెళ్ళేరోజు టీచర్లందరి దగ్గరా వీడ్కోలు పుస్తకంలో రాయించుకుంది. నా గదికి రాలేదు. నేనూ పిలవలేదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇంతే. చావు కబురు ఎవరికి వచ్చిందో వాళ్ళకే మొదట చెప్పాలి, తెలిసిన వెంటనే చెప్పాలి. తిన్నాక, కార్యక్రమం అయ్యాక అని ఆపినప్పుడు పిల్ల కోసమే ఆపుతున్నామని మనకు అనిపిస్తుంది. నేను ఆపింది నా సౌకర్యం కోసం.